ఎల్మా చెయ్యెత్తిన వేలం

ఎల్మా ట్రాంటర్ ఎలాంటి మనిషని ఆస్ట్రేలియాలోని కూరింగ ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే మాట: నెమ్మదస్తురాలు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. మొగుడు లెస్ మంచివాడే, కాకపోతే కలిసిరాని మనిషి. గోధుమ వేస్తే వాన రాదు, గొర్రెలు కొంటే ఉన్ని ధర పడిపోతుంది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, కోత ఇంకా ముగియకుండానే, గుండె ఆగి పోయాడు. బ్యాంకువాళ్ళు ట్రాక్టరు దగ్గర్నుంచి కోళ్ళగూడు దాకా అన్నీ వేలానికి పెట్టారు.

ఎల్మాకంటూ మిగిలింది ఒక తుపాకీ.

ఊరంతా దాన్ని లెస్ తుపాకీ అనేది. లెస్‌దెక్కడ, నా మొహం! పెళ్ళికి ముందు, కరువు రోజుల్లో, ఎల్మా కుందేలు తోళ్ళమ్మిన డబ్బుతో తిరుగుడు వర్తకుడి దగ్గర కొనుక్కుందది. చిన్న తూటా, గురి చూసి తలకి కొడితే తోలు చెడదు. ఆవిడకి గురి తప్పిన రోజు తక్కువ. కాపురం మొదటి ఏళ్ళలో ఆ తోళ్ళతోనే పొయ్యి వెలిగింది. లెస్ మాత్రం స్నేహితులొస్తే, "మా ఇంట్లో కుందేళ్ళకి యముణ్ణి నేనే" అని కోతలు కోసేవాడు. ఎల్మా టీ పోస్తూ ఊరుకునేది. ఎందుకు ఊరుకునేదో ఆవిడకే తెలియాలి.

అడుగున మధ్యలో కాక అంచున దెబ్బ పడితే పేలే రకం తూటాలు దానివి. ఆ సైజులో అవి తయారు చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. అందుకే ఊరి లెక్కలో అదీ చేతికర్రా ఒకటే.

లెస్ తమ్ముడు రెక్స్ అంత్యక్రియల నాడే తేల్చి చెప్పేశాడు. "ఒంటరిగా ఎక్కడుంటావు వదినా? మా వరండా గది ఖాళీయేగా. బెరిల్‌కి కాస్త సాయంగా ఉన్నట్టూ ఉంటుంది." ఆ గదికి తలుపు లేదు. రెక్స్ పెళ్ళాం బెరిల్‌కి సాయం అంటే ఏమిటో ఎల్మాకి బాగా తెలుసు: ఉన్ని కత్తిరించడానికొచ్చే కూలీలందరికీ మూడు పూటలా వండి వార్చడం, చచ్చేదాకా. ఊళ్ళో రొట్టెల కొట్టు వెనక ఒక గది ఖాళీగా ఉంది. దానికి తలుపుంది, తాళమూ ఉంది. ఆర్నెల్ల అద్దె ముందే ఇమ్మన్నాడు కొట్టతను. నూట యాభై డాలర్లు. ఆవిడ దగ్గర పదకొండున్నాయి.

తుపాకీని పిండి సంచిలో చుట్టుకుని నాన్స్ ప్రూయిట్ దగ్గరికెళ్ళింది. నాన్స్‌ది ఊళ్ళో తుపాకుల కొట్టు, తండ్రి నుంచి వచ్చింది. వెల కట్టమంటే మొహమాటం లేకుండా కడుతుంది.

నాన్స్ కిందున్న పిడి లాగి, గొట్టంలోంచి వెలుతురు చూసి, కళ్ళజోడు పైకి నెట్టింది.

"చెక్కకి వార్నిష్ పుయ్యలేదా?"

"లేదు. గొర్రెకొవ్వు రాసి తుడిచేదాన్నంతే."

"లెస్ చెయ్యి పడలేదా దీనిమీద?"

"ముట్టుకోనివ్వలేదు."

"బతికించావు! ఈ మగాళ్ళు ఆదివారం తోచక వార్నిషులూ, గీకుడులూ! నగలాంటి తుపాకీ తెస్తారు, చూస్తే వంటచెరుకు." నాన్స్ మరమేకుల తలలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. "ఒక్కటీ నలగలేదు. బల్లరాట్‌లో పాస్కో అని ముసలాయన ఉండేవాడు, ఆయన చేతిపని ఇది. చేసినవే కొన్ని. పేల్చుకునేవాడికి దండగ, దాచుకునేవాడికి ప్రాణం. నూట యాభైకి తగ్గదు. నా దగ్గర అంత లేదనుకో. మెల్‌బోర్న్‌లో ఒకాయనకి ఇలాంటివంటే పిచ్చి, కబురు పెడతాను. వేలంలోనే పెట్టెయ్, దీని డబ్బు బ్యాంకుకి కాదు, నీకే వస్తుంది."

ఎల్మా ఇంటికొచ్చి, సంచీ విప్పకుండానే పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. అమ్మడం ఇష్టం లేదు. అమ్మకపోతే వరండా.

వేలం నాడు జనం బాగానే వచ్చారు. చర్చి ఆడవాళ్ళు టీ, స్కోన్లనే చిన్న రొట్టెలు పెట్టారు. మెల్‌బోర్న్ ఆయన వెస్ట్‌కాట్, మెరిసే బూట్లతో దుమ్ములో నిలబడ్డాడు. పాట పాడించే డగ్ మర్చిసన్ పొద్దుటినుంచీ అరుస్తూనే ఉన్నాడు: "లెస్ నాగలి! లెస్ పంపు! ఇదిగో, మన లెస్ తుపాకీ!"

"ఐదు డాలర్లు," అన్నాడు రెక్స్. "మా అన్నది. ఇంట్లో ఉండాలి."

అంతే, అందరూ నోళ్ళు మూసుకున్నారు. చనిపోయినవాడి వస్తువుని ఇంటివాళ్ళెవరైనా అడిగితే బయటివాడు పాట పెంచకూడదు. కూరింగలో అది పెద్ద మర్యాద; తప్పినవాడితో ఊళ్ళో ఎవడూ కలిసి బీరు తాగడు. ఏమీ తెలియని వెస్ట్‌కాట్ చెయ్యి సగం లేపాడు. పక్కనున్న రైతు మోచెయ్యి పట్టుకుని చెవిలో ఏదో ఊదాడు. పాపం, ఆయన సిగ్గుపడి చెయ్యి దించేశాడు.

నాన్స్‌కి ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళ మర్యాద తగలెయ్యా! నేను పాడతాను, ఏం చేస్తారో చేసుకోనీ."

"నీ కొట్టు మూతపడుతుంది, ఆగు," అంది ఎల్మా. ఇంటివాడు పాడితే బయటివాళ్ళు పాడకూడదు, సరే. మరి తను?

చెయ్యెత్తింది. "పది."

జనం వెనక్కి తిరిగారు. డగ్ తెల్లబోయాడు. "ఎల్మా, అది నీదే కదమ్మా! నీ వస్తువు నువ్వే ఎలా పాడతావు?"

"నాదా? పొద్దుటినుంచీ లెస్ తుపాకీ, లెస్ తుపాకీ అని అరిచిందెవరు డగ్? లెస్‌దైతే నేనూ ఇంటిదాన్నే. నాదైతే ఐదు డాలర్లకి ఇవ్వను. ఏదో ఒకటి తేల్చు."

ఎవడో కిసుక్కుమన్నాడు. డగ్ మెడ గోక్కుని, "పది డాలర్లు, ఎల్మా పాట," అన్నాడు.

"పదిహేను," అన్నాడు రెక్స్, మొహం కందగడ్డలా చేసుకుని. "నీకెందుకు వదినా తుపాకీ?"

"నీకెందుకో చెప్పు ముందు. ఇరవై."

"ముప్పై!"

"నలభై," అంది ఎల్మా. రెక్స్ ఇక్కడ ఆగితే తుపాకీ తనకే మిగులుతుంది, అద్దె డబ్బు రాదు. కానీ ఇంటివాళ్ళే పోటీ పడ్డాక ఇంకెవరికి మర్యాద? వెస్ట్‌కాట్ పక్కనున్న రైతే, "ఇక మీ ఇష్టమండీ బాబూ," అని ఆయన మోచెయ్యి వదిలేశాడు.

"అరవై," అన్నాడు వెస్ట్‌కాట్.

రెక్స్ డెబ్భై అన్నాడు, తొంభై అన్నాడు, నూట ఇరవై దగ్గర టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నూట అరవై అని ఒక్కమాటలో తేల్చేశాడు వెస్ట్‌కాట్. సుత్తి పడింది.

డబ్బిచ్చి తుపాకీ అందుకుంటూ అడిగాడాయన. "దీన్ని వాడిందెవరు? మీ వారేనా?"

"నేను," అంది ఎల్మా. ఊరంతా వింటోంది. "ఆయన ఒక్క కుందేల్నీ కొట్టలేదు."

రెక్స్ ఊరుకుంటాడా! వాకిట్లో అడ్డం పడ్డాడు. "చచ్చినవాడి పరువు తీశావు కదే! సోమవారం కూలీలు దిగుతున్నారు, మరి వంటెవరు చేస్తారు?"

"నీకూ రెండు చేతులున్నాయిగా రెక్స్."

ఎల్మా వెళ్ళి నాన్స్ కారెక్కింది. కారు ఊరి మలుపు చేరింది. అక్కడ ఎల్మాకి ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. నాన్స్ కారాపి రుమాలిచ్చింది.

"లెస్ గుర్తొచ్చాడా?"

ఎల్మా ముక్కు తుడుచుకుంది.

"లెస్ కాదే. తుపాకీ."