గేర్‌బాక్స్ మీది ముడి

బండి బాగుచేసే ముందు మేస్త్రీ నేల మీది చుక్కను వేలికి అంటించుకుంటాడు. బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూస్తాడు. ఆ తర్వాతే మాట. ఇంజను ఆయిలుది మాడు వాసన. బ్రేకు ఆయిలు పలచన. గేరు ఆయిలు జిగురుగా ఉండి గంధకం కంపు కొడుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే వరస.

ఆ మధ్యాహ్నం వేళ్లకు అంటింది గేరు ఆయిలు. బండి వదినది. అన్న పోయాక ఆ పికప్‌ను ఆమే నడుపుతోంది. ఆసుపత్రి దుప్పట్లను ఉతికేచోట దించి, ఉతికినవి తిరిగి తెస్తుంది. గేర్‌బాక్స్ వెనక, ఆయిలును ఆపే రబ్బరు సీలు దగ్గర కారుతోందని నెలలో రెండుసార్లు సీలు మార్చాడు. మళ్లీ కారింది.

"మూడోసారి మరిదీ! గేర్లు దారిలో పట్టేస్తే దుప్పట్లు నెత్తిన పెట్టుకుని పోనా? రేపు పొద్దున కొనేవాడు వస్తున్నాడు. ఇచ్చేస్తాను."

"ఇచ్చేసి ఏం చేస్తావు వదినా?"

"ఇంట్లో కూర్చుని నీ ముక్కును పొగుడుకుంటాను."

ఆయన నవ్వలేదు. ఆ సీటు దిగితే ఆమె మళ్లీ ఎక్కదని ఆయనకు తెలుసు.

"సాయంత్రం దాకా ఆగు" అన్నాడు.

మొదటి నుంచీ మొదలుపెట్టాడు. రెండోసారి తొందరలో కడగకుండానే సీలు మార్చాడు. ఈసారి కడగాలి. గేర్‌బాక్స్ నెత్తిన చిన్న గాలి గొట్టం ఉంటుంది. లోపల వేడెక్కిన గాలి దాని గుండానే బయటికి పోవాలి. కడిగేటప్పుడు నీళ్లు దూరకుండా దానికి సైకిలు ట్యూబు ముక్క కట్టడం ఆయన అలవాటు. ముక్క కోసుకుని బండి కిందికి దూరాడు. పైన కళ్లకు కనపడదు. చెయ్యి పెట్టి తడిమాడు.

అక్కడ ముందే ఒక ముక్క కట్టి ఉంది.

ముడి తనదే. మొదటిసారి కడిగినప్పటిది.

బ్లేడుతో కోశాడు. బండి ఇంకా వేడిగానే ఉంది. ఫుస్సుమని గాలి వచ్చింది. బయటికి దారి లేక ఆ గాలే ఆయిలును సీలు పక్కనుంచి నెట్టింది. ముక్కను జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన బయటికి వచ్చి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"తప్పు సీలుది కాదు వదినా. నాది. విప్పడం మరిచిపోయాను."

ఆమె ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊరందరి ఆయిళ్లూ వాసన పట్టావు. నీ చేతి వాసన మాత్రం అందలేదన్నమాట."

"తిట్టు. కానీ అమ్మకు."

"రేపు అతనికేం చెప్పను?"

"రాత్రికి కింద అట్ట పరుస్తాను. అది చూసి చెప్పు."

దెబ్బతిన్న సీలు తీసి కొత్తది వేశాడు. గేర్‌బాక్స్‌లో తగినంత ఆయిలు పోశాడు. గాలి గొట్టానికి ఇంకో ముక్క కట్టి కడిగాడు, ఆరాక విప్పాడు. సీలు చుట్టూ టాల్కం పౌడరు చల్లి, వదినను ఎత్తు రోడ్డు మీద రెండుసార్లు తిప్పి రమ్మన్నాడు. వచ్చాక కిందికి దూరి చూశాడు. పౌడరు పొడిగానే ఉంది. అయినా అట్ట పరిచాడు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి అట్ట లాగాడు. ఒక్క మరక లేదు. వేలితో రాసి వాసన చూశాడు. అట్ట వాసనే. దాన్ని వదిన చేతికిచ్చాడు. ఆమె చూసి సీటెక్కింది. కొనడానికి వచ్చినవాడు గేటు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మడం లేదు బాబూ, కాస్త పక్కకు జరుగు. దుప్పట్ల వేళయింది."

బండి మలుపు తిరిగాక మేస్త్రీ షెడ్డులోకి వెళ్లాడు. బండ్లు కడిగే నీళ్ల పైపుకు పైన గోడ మీద, తన కళ్లకు ఎదురుగా ఒక మేకు కొట్టి, ముడితో సహా ఆ ట్యూబు ముక్కను తగిలించాడు.