టీచరమ్మ వెదురు చట్రం

నిన్న పొద్దుగాల స్టవ్ మీద కుక్కర్ పెట్టి నిలబడ్డ. మా ఆయన బయటి నుంచి వచ్చి, చెప్పులు గూడ విడవకుండ, "పక్కింటి టీచరమ్మ పోయిందే" అన్నడు.

కుక్కర్ కూత మీద కూత పెడుతున్నది. నేను దించలే.

మొన్న సాయంత్రమే గోడ అవతల నుంచి అడిగింది. "ఏమైంది బిడ్డా, మీ అత్త ఏమన్నది?"

"రేపు చెప్త టీచరమ్మా" అన్న.

ఆ రేపు నిన్ననే.

నాకు నలుగురిల మాట్లాడనీకి రాదు. ఈ పోస్ట్ గూడ రాస్తున్న, చెరిపేస్తున్న. ఆరో క్లాస్ వరకే చదివిన. తప్పులుంటే మన్నించండి.

యరమరస్‌ల మా కాలనీవాళ్లందరికి టీచరమ్మ తెలుసు. తెలియనివాళ్లకు చెప్తున్న. హైస్కూల్ల సైన్స్ చెప్పి రిటైర్ అయింది. అయినంక గూడ ప్రతి చలికాలం స్కూల్ పిల్లల్ని కార్వార్ తీసుకపోయేది. అక్కడ సముద్రం ఒడ్డున ఒక లాబ్ ఉన్నది. పిల్లలు బండల మీదికి దిగి నత్తలు, పీతలు, నాచు చేత్తోని తాకి చూసి నేర్చుకుంటరు.

టీచరమ్మ గూడ కాలేజీ రోజులల్ల అట్లనే నేర్చుకున్నది. అప్పుడు కవితాళ దిక్కు వాళ్ల ఊరికి కాలువ నీళ్లు కొత్తగ వచ్చినయంట.

ఇంటి ఆడమనిషి ఒకరు తోడు పోతెనే పంపిస్త అని వాళ్ల నాయిన పట్టుబట్టిండు. అప్పుడే పెండ్లయి వచ్చిన వదిన తోడు పోయింది. ఆమెకు అక్షరం రాదు. సముద్రం ఎట్లుంటదో తెలియదు.

ఈ ముచ్చట టీచరమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

సముద్రం వెనక్కి పోయినంక పిల్లలందరు బండల మీద వెదురు చట్రం పెట్టి, దాని లోపల ఏమేం బతుకుతున్నయో వంగి చూస్తున్నరంట. వదిన ఒడ్డున చెప్పులకు కావలి. ఇంతల నీళ్లు మళ్ల రావట్టినయ్.

వదిన చీర ఎగ్గట్టి ఒకటే కేక. "కాలువ ఇడిసిండ్రు! గేటెత్తిండ్రు! పైకి ఎక్కుండ్రి!"

మా దిక్కు గేటెత్తి నీళ్లు ఇడిస్తె, కాలువల బట్టలు ఉతికేటోళ్లు అట్లనే అరుస్తరు.

వాళ్ల సార్ నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడ్డడంట. "అమ్మా, ఈ గేటు చందమామ చేతుల ఉన్నది" అన్నడంట.

"అయితె ఆ చందమామకు చెప్పు సారూ, ఎత్తే ముందల ఒక కేకన్న వెయ్యమని!"

ఇది చెప్పి టీచరమ్మ కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వేది.

ఆ తర్వాత కండ్లు తుడుసుకొని మిగిలింది చెప్పేది.

ఊరికి వచ్చినంక ఆ వదినను ఇంట్ల వాళ్లు మస్తు దినాలు ఎక్కిరించిండ్రంట. "సముద్రం చూసొచ్చిన దొరసాని, మా బోళ్లు తోముతదా?" అని.

"చదువు నాకు వచ్చింది. మాటలు ఆమె పడ్డది" అనేది టీచరమ్మ.

నేను పెండ్లయి వచ్చిన కొత్తల ఎవ్వరితోని మాట్లాడకపోతుంటి. ఒకరోజు టీచరమ్మ పిలిచి, నల్లా పక్కన తడి నేల మీద అసొంటిదే చట్రం పెట్టింది.

"దీని లోపల ఏమున్నది?"

"ఏం లేదు. బురద."

"మళ్ల చూడు. బయట చూడకు. లోపలే చూడు."

కూసున్న. ముందు నాచు కనబడ్డది. నాచుల గోరంత నత్త. వానపాము బొక్క. చీమ ఒకటి ఈగ రెక్కను ఈడ్చుకపోతున్నది. నేను చెప్తనే ఉన్న. మా అత్త లోపల నుంచి "ఎవరితోనే గంత ముచ్చట?" అన్నప్పుడు తెలిసింది, అంతసేపు మాట్లాడింది నేనే అని.

ఈ ఏడు టీచరమ్మకు మోకాళ్లు సాగలే. కొత్త సైన్స్ సార్ తీసుకపోతడు. పేర్లిచ్చిన ముగ్గురు ఆడపిల్లల ఇండ్లల్ల, టీచరమ్మ రాకపోతె పంపం అన్నరు. తెలిసిన ఆడమనిషి తోడుంటెనే అన్నరు.

టీచరమ్మ నన్ను అడిగింది. దాచకుండ అడిగింది. "నీకు మాటలు పడతయ్ బిడ్డా. మా వదినకు పడ్డయ్. తెలిసే అడుగుతున్న."

అత్తకు చెప్పిన. "ఆడపిల్లలకు సముద్రం ఎందుకే? ఊరి ముందల కాలువ చాలదా? బిందెడు నీళ్లకు భయపడేదానివి, నువ్వు వాళ్లకు కావలా?" అన్నది.

నిజమే. నాకు నీళ్లంటే భయం. అందుకే మొన్న గోడ కాడ రేపు అన్న.

నిన్న టీచరమ్మను తీసుకపోయినంక అందరు ఇల్లు కడుగుతున్నరు. నీళ్లు కాగబెట్టనీకి ఎవరో ఆ చట్రం విరవబోయిండ్రు.

"అది విరవకుండ్రి!"

ఆ గొంతు నాదే. అందరు నా దిక్కు తిరిగిండ్రు.

"ఏంది గది?" అన్నది అత్త.

"పిల్లలది. కార్వార్ పోవాలె."

"ఎవరు తీసుకపోతరు?"

చట్రం కొంగుల పట్టుకొని ఇంటికి వచ్చేసిన.

ఇప్పుడు చెప్తున్న. ఆ ముగ్గురు పిల్లల అమ్మలు ఇది చదువుతరు. అక్కా, పేర్లు కొట్టేయించకుండ్రి. ఫికర్ చేయకుండ్రి. తోడు నేను పోత.

మా అత్త ఇంకా ఒప్పుకోలే. ఈ పోస్ట్ ఆమెకు మా ఆయన చదివి వినిపిస్తడు. మాటలు పడితె పడతయ్.

టీచరమ్మా, నీళ్లు మళ్లంగనే కేక నేనే పెడత. గేటెత్తిండ్రు అనే పెడత. నవ్వితె నవ్వనీ పిల్లల్ని.

నీ మోకాళ్లకు ఇంక నొప్పి లేదు. నిమ్మళంగ పండుకో.