బుగ్గతో చూసే మేస్త్రీ

గాలిమరల రెక్కల అంచులు నునుపు చేయడం మేస్త్రీ పని. ఇసుక రవ్వంత గరుకు మిగిలినా గాలి అక్కడే రెక్కను వదిలి చెదిరిపోతుందని ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లుగా గరుకు కాగితం రుద్దీ రుద్దీ వేళ్లు మొద్దుబారాయి. ఈ మధ్య అంచుకు బుగ్గ ఆనించి, కళ్లు మూసుకుని చూస్తున్నాడు. "రెక్కకు ముద్దులేంటి బాబాయ్, పిన్నికి చెప్పనా?" అని తనిఖీకొచ్చే అమ్మాయి నవ్వేది. నిన్న మాత్రం నవ్వలేదు. "ఇక్కడ గరుగ్గా ఉంది బాబాయ్. ఈ వారంలో ఇది మూడోది. రాసిస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారు. ఏం చెయ్యను?" ఆయన అక్కడ బుగ్గ ఆనించాడు. మళ్లీ ఆనించాడు. బుగ్గకూ ఏమీ తగల్లేదు. ఆ తర్వాత ఆమె చూపుడువేలు పట్టుకుని అంచు వెంట మెల్లగా నడిపించాడు. "ఎక్కడమ్మా? తగలగానే చెప్పు."