బూర ఊదేవాళ్ళు

మా మనవరాలి ఏడో పుట్టినరోజు దగ్గరపడుతున్న ఆ రోజుల్ని తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వెలుతురు. చలి వెళ్ళిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. లాలాగూడలో మేముండే అపార్ట్‌మెంట్ మేడ మీద మధ్యాహ్నం దాటాక పల్చటి పసుపు రంగు పరుచుకునేది. దూరంగా పట్టాల మీద ఏదో బండి తొందర లేకుండా పోతుండేది. ఆరేసిన చీరలు గాలికి ఊగితే వాటి నీడలు గచ్చు మీద ఈదుతున్నట్టు ఉండేవి. రిటైరయినప్పటి నుంచి ఆ వేళకి మేడ మీద కుర్చీ వేసుకుని డైరీ రాసుకోవడం నా అలవాటు. రాస్తూ రాస్తూనే కన్ను మూతపడేది. పుట్టినరోజు ఏర్పాట్ల ఆలోచన చాలావరకు అలా సగం నిద్రలోనే సాగింది.

పిల్లలకి వినోదం ఏర్పాటు చేసే పని నాకు అప్పగించింది మా అమ్మాయీ అల్లుడూ కాదు, పాపే. దానికో కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం వాళ్ళు ఒక హాలు మాట్లాడి, ఒక యాంకర్‌ని పెట్టారు. ఆయన తన పని తాను బాగానే చేశాడు. మైకు పట్టుకుని, "బర్త్‌డే గర్ల్ ఎక్కడ? స్టేజ్ మీదకి వచ్చేయాలి, డాన్స్ చేసేయాలి!" అని పిలిచాడు. పాప రాకపోతే పేరు పెట్టి మళ్ళీ పిలిచాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. పాప వెళ్ళి కేకు పెట్టిన బల్ల కింద దూరింది. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. చివరికి తనకి పైనే, తను లేకుండానే కేకు కోశారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లే. పదిమంది కళ్ళు తన మీద పడితే మాత్రం గొంతు ఎక్కడికో పోతుంది. ఆ తర్వాత ఎవరి పుట్టినరోజుకి పిలిచినా కడుపునొప్పి అనేది.

ఒక సాయంత్రం నా కుర్చీ పక్కన నిలబడి, "తాతయ్యా, ఈసారి నా బర్త్‌డే వద్దు," అంది.

"సరే, వద్దు."

నేను అంత సులువుగా ఒప్పుకుంటానని అనుకోలేదేమో, కాసేపు ఆలోచించింది. "కేక్ ఉండొచ్చు."

"మరి ఫ్రెండ్స్?"

"రావొచ్చు. కానీ మైక్ ఉండకూడదు. నన్ను ఎవరూ ముందుకి రమ్మనకూడదు."

"వచ్చినవాళ్ళు ఏం చేస్తారు మరి?"

"అది నువ్వు చూడు," అని మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "నచ్చకపోతే నేను దాక్కుంటా. తిట్టకూడదు," అంది.

ఈసారి కూడా పిల్ల దాక్కుంటే ఇక పుట్టినరోజన్న మాటే తన దగ్గర ఎత్తలేమని నాకు తెలుసు. అందుకని పని పద్ధతిగా మొదలుపెట్టాను. తోచిన వినోదాలన్నీ ఒక్కొక్కటే మనసులో ఆడించి చూసుకున్నాను. ఇంద్రజాలం చేసేవాడయితే సాయానికి ఒక పిల్లని ముందుకి పిలుస్తాడు, పుట్టినరోజు పాపనే పిలుస్తాడు. కుర్చీలాటలో ఓడినవాళ్ళని అందరూ చూస్తారు, గెలిచినవాళ్ళని ఇంకా ఎక్కువ చూస్తారు. ఏ ఆట తీసుకున్నా అందులో ఎక్కడో ఒకచోట ఒక వేలు పాప వైపు తిరుగుతోంది.

అలా అనుకుంటూ ఒక మధ్యాహ్నం నిద్రలోకి జారాను. ఆ మగతలో మా మేడ మీదికి బూరలు వచ్చాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, నీలివి, నీళ్ళ ట్యాంకుల మధ్య నెమ్మదిగా తేలుతూ, చీరల కిందనుంచి దూరుతూ. ఎవరూ మాట్లాడటం లేదు. మాది కోస్తా. చిన్నప్పుడు తిరునాళ్ళలో బూరలవాడి దగ్గర నిలబడి, కావలసిన రంగు వైపు వేలు చూపిస్తే చాలు, వాడు ఊది దారం కట్టి చేతికి ఇచ్చేవాడు. నోరు తెరవక్కర్లేని వినోదం ఇంతకంటే ఏముంటుంది?

"ఏం సోంచాయిస్తున్నరన్నయ్యా, కండ్లు మూసుకొని?"

కళ్ళు తెరిస్తే మా వియ్యపురాలు, మా అల్లుడి తల్లి. వాళ్ళది జనగామ వైపు. మనవరాలి పుట్టినరోజని వారం ముందే వచ్చింది. అప్పడాలు ఎండబెట్టడానికి మేడ ఎక్కింది.

"ప్రోగ్రామ్ వేస్తున్నానమ్మా."

"గురక సుత ప్రోగ్రాములనే ఉన్నదా?"

నా ఆలోచన చెప్పాను. బూరలు ఊదేవాళ్ళని పిలిపిద్దామన్నాను. ఆవిడ అప్పడాల మీద గుడ్డ సర్దుతూ విన్నది. "మంచిగనే ఉంటది. జెర గమ్మత్తుగ గూడ ఉంటది," అంది. ఫంక్షన్లకి టెంట్లు, కుర్చీలు, మనుషులు, ఏది కావాలన్నా పంపించే ఒకాయన తనకి తెలుసని ఫోన్ నంబరు ఇచ్చింది. వెంటనే చేశాను.

"బూరలు ఊదేవాళ్ళు కావాలండీ, ఇద్దరు. పిల్లల పుట్టినరోజు," అన్నాను.

"పంపిస్త సార్. పెద్దయా, చిన్నయా?"

"రెండూ ఉండాలి. పొడుగువి కూడా ఉంటే బాగుంటుంది."

"పొడుగుది ఒక్కటే ఉన్నది సార్. అది మోసుకరావాల్నంటే తక్లీఫ్."

గాలికి పగులుతుందని కాబోలు అనుకున్నాను. "పర్వాలేదు, చిన్నవే తీసుకురమ్మనండి. రంగులు?"

"ఎర్రది సార్. టోపీ గూడ ఉంటది."

ఈ రోజుల్లో బూరలు ఊదేవాళ్ళకి కూడా యూనిఫారం వచ్చిందని ముచ్చటపడ్డాను. "మైకు మాత్రం వద్దండీ," అని గట్టిగా చెప్పాను.

"మైకెందుకు సార్ మావోళ్ళకు!" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

పుట్టినరోజు సాయంత్రం మేడ మీద అంతా నేను అనుకున్నట్టే ఉంది. చాపలు పరిచాం. పాప స్నేహితులు వచ్చారు. పాప కొత్త గౌను వేసుకుని, చాప అంచున కూర్చుని, పక్కపిల్ల చెవిలో ఏదో చెబుతోంది. ఆ గుసగుస చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎండ అంతా తేనె రంగుకి తిరిగింది.

అప్పుడు కింద గేటు దగ్గర నుంచి, పెళ్ళికొడుకు కారు దిగితే ఊదినట్టు, రెండు ఇత్తడి బూరలు ఒక్కసారిగా మోగాయి. పావురాలు లేచిపోయాయి. పిల్లలంతా పిట్టగోడ వైపు పరిగెత్తారు. ఎర్ర కోట్లు, జరీ టోపీలు వేసుకున్న ఇద్దరు ఊదుకుంటూనే మెట్లెక్కి పైకి వచ్చేశారు.

"ఏందన్నయ్యా, గింత మోతనా? పిల్లకు పుట్టినరోజా, పెండ్లా?" అని వియ్యపురాలు చెవులు మూసుకుంది.

"నేను బూరలు కదమ్మా చెప్పింది!"

"బూరలే గద వచ్చినయ్!"

"ఇవి కాదు. ఊది దారం కట్టేవి!"

"అవి బుగ్గలు!"

"బుగ్గలంటే ఇవి," అని నా ముఖం చూపించాను.

"అవి చెంపలు! బుగ్గలని చెప్తే నేనే తెప్పిస్తుంటి గద, గింత పరేషానెందుకు?"

ఊదేవాళ్ళకి చేతులడ్డం పెట్టి ఆపించాను. వెనక్కి తిరిగేసరికి చాప మీద పాప లేదు.

నీళ్ళ ట్యాంకు వెనక దొరికింది. మోకాళ్ళలో తల పెట్టుకుని, అరచేతులతో చెవులు గట్టిగా నొక్కుకుని ఉంది. తిట్టకూడదన్నది కదా, ఏమీ అనకుండా పక్కనే గచ్చు మీద కూర్చున్నాను. చాలాసేపటికి చేతులు కాస్త సడలించింది.

"తప్పు నాదే. మా వైపు బూర అంటే బెలూన్. మీ నానమ్మ వైపు బెలూన్‌ని బుగ్గ అంటారట," అన్నాను.

"బెలూన్‌ని బెలూన్ అనొచ్చు కదా తాతయ్యా," అంది విసుగ్గా.

అక్కడే ఉండిపోయాం. ట్యాంకు నీడ చల్లగా ఉంది. ఎక్కడో బండి కూత వినిపించి, గాలిలో కలిసిపోయింది. లేచి వెళ్దామని నేను అడగలేదు. నాకూ ఆ క్షణాన వెళ్ళాలని లేదు.

బూరలవాళ్ళకి మా అమ్మాయి ఫలహారం పెట్టించినట్టుంది, వాళ్ళు తినడానికి మా ఎదుట పిట్టగోడ నీడకి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కూర్చునే ముందు బూరని వంచి, దాని కింద ఉన్న చిన్న మీట నొక్కి ఊదాడు. కొన్ని నీటిచుక్కలు గచ్చు మీద రాలాయి.

"అంకుల్, అది లీక్ అవుతోందా?"

ఎవరో పిల్ల అడిగిందనుకున్నాను. అడిగింది మా పాప.

"లీక్ గాదు బిడ్డా. నా ఊపిరే. లోపట సల్లగుంటది గద, నీళ్ళయితది."

"ఉమ్మి కాదా?"

"జెర ఉమ్మి సుత ఉంటది," అన్నాడు రెండో ఆయన, ఇడ్లీ నములుతూ.

"ఛీ!" అని నాలుగు గొంతులు ఒక్కసారే అరిచాయి. పిల్లలు ఎప్పుడు వచ్చి చేరారో, మా చుట్టూ ఉన్నారు. ఛీ అన్నవాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

"నా ఊపిరి కూడా నీళ్ళవుతుందా?" అని పాప అడిగింది.

ఆయన రుమాలుతో బూర మూతి తుడిచి పాప ముందు పట్టుకున్నాడు. పాప లేచి ఊదింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదింది. ఈసారి గేదె తుమ్మినట్టు ఒక చప్పుడు వచ్చింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు.

పాప బూర మూతి వదిలి వాళ్ళ ముఖాల వైపు చూసింది. అందరూ తననే చూస్తున్నారు. పక్కనే ట్యాంకు ఉంది, ఒక్క అడుగు వేస్తే మళ్ళీ నీడలో ఉంటుంది. నేను చెయ్యి చాచబోయి ఆగాను.

పాప గట్టిగా ఊపిరి పీల్చి, ఇంకోసారి తుమ్మించింది.

తర్వాత ఎంతసేపు అలా గడిచిందో నాకు చెప్పడం కష్టం. ఒకరి తర్వాత ఒకరు బూర ఊదారు. ఊదినప్పుడల్లా ఆయన మూతి తుడిచాడు. అందరూ వంగి మీట కింద చుక్క కోసం కాచుకున్నారు. పడగానే, "అది నాది!" అని కేకలు. ఆ వాలు వెలుతురులో ఎవరి చుక్క ఎక్కడుందో పాప వేలితో చూపిస్తోంది. "నీది ఆరిపోయింది, మళ్ళీ ఊదు," అని ఒకరికి చెబుతోంది. తన పక్కనుంచి చీరల నీడలు పోతూ వస్తూ ఉన్నాయి. కల అయితే లేవనక్కర్లేదని నేను గోడకి ఆనుకున్నాను.

చివరికి వియ్యపురాలు వచ్చి, "కేకు కరుగుతున్నది, కోస్తరా కోయరా?" అంది. మా అమ్మాయి నా వైపు చూసింది. పాపని పిలవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. పాప తనంతట తనే బల్ల దగ్గరికి నడిచి కత్తి తీసుకుంది. తీసుకుని, బూరలవాళ్ళ వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు ఊదండి అంకుల్, ఇందాకటిలాగా."

మా అమ్మాయి, "వద్దమ్మా, నీకు భయం కదా," అంది.

"భయమే," అంది పాప. "తాతయ్యా, నా చేతులు ఖాళీ లేవు. నువ్వు మూయి."

వెనక నిలబడి రెండు అరచేతులతో తన చెవులు మూశాను. బూరలు అందుకున్నాయి. మేడంతా ఆ మోతే. ఏం పాట ఊదారో నాకు గుర్తులేదు. నా చేతుల మధ్య చిన్న తల వెచ్చగా ఉంది. పాప కేకు కోస్తూ నవ్వుతుంటే ఆ నవ్వు నాకు వినబడలేదు, అరచేతులకి తెలిసింది.