చీపురు ఈనెలు, వెదురు పుల్లలు

శామీర్‌పేట బడిలో రెండో తరగతి టీచరుగా చేరేనాటికి నేను చూసిన ప్రపంచం ఇటు హైదరాబాదు, అటు విజయవాడ. అయినా పిల్లలకు దేశదేశాలు చూపిస్తానని పూనుకున్నాను. ధైర్యం అనండి, తెలివితక్కువతనం అనండి, ఆ రోజుల్లో నాకు రెండూ దండిగానే ఉండేవి.

తొంభైలు ముగింపుకొస్తున్న కాలం అది. మావారికి మేడ్చల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. తెనాలి పక్కన మా ఊరి నుంచి సామానంతా లారీకెత్తి, సగం కట్టిన ఇళ్ళ మధ్య ఒక కొత్త కాలనీలో దిగాం. ఇంట్లో కూర్చుంటే గోడలతో మాట్లాడాల్సి వస్తుందని భయం వేసి, నెల తిరక్కుండానే ఉద్యోగం వెతుక్కున్నాను. మేడ్చల్ నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళడం, సాయంత్రం అలాగే ఇరుక్కుని రావడం. బడి చెరువుకు వెళ్ళే దారిలో ఉండేది. ఒక అద్దె ఇల్లు, దాని వెనక రేకుల షెడ్డు. షెడ్డు నాది, అందులో ముప్పై ఇద్దరు పిల్లలు. సగం మంది మాలాంటి ఉద్యోగస్తుల పిల్లలు. మిగతా సగం ఊళ్ళో వాళ్ళ పిల్లలు, సేద్యం చేసేవాళ్ళు, చెరువులో చేపలు పట్టేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు.

పుస్తకంలో ఇతర దేశాల పాఠం ఒకటి ఉండేది. పిల్లలు రాజధానుల పేర్లు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. ఒకరోజు ఒకడు లేచి, జపాన్ గండిమైసమ్మ చౌరస్తా కంటే దూరమా అని అడిగాడు. దూరమేనన్నాను. అయితే రెండు బస్సులు మారాలా అన్నాడు. నవ్వాను కానీ, ఆ రాత్రి అన్నం తింటున్నా అదే ఆలోచన. మర్నాడు కరస్పాండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, శనివారం ఆఖరి పీరియడ్ నాకివ్వండి, ఒక్కో దేశాన్నీ పిల్లల చేత చేయించి చూపిస్తాను అన్నాను. ఆయన మంచివారే గానీ పిల్లల తల్లిదండ్రులంటే ప్రాణభయం. సరేనని ఒక షరతు పెట్టారు. ఇళ్ళ నుంచి ఒక్క మాట వచ్చినా ఆ పీరియడ్ మళ్ళీ లెక్కలకే పోతుంది.

మొదట ఈజిప్టు. బడి వెనక ఎర్రమట్టి తడిపి పిరమిడ్లు కట్టాం. సోమవారానికి మేకలు వాటిని తొక్కి పోయాయి. తర్వాత హాలెండు. కాగితపు గాలిమరలు చేసి జొన్న కర్రలకు గుచ్చితే షెడ్డంతా గిర్రున తిరిగింది. నాకు తెలిసిందంతా పాత పేపర్ల కొట్లో ఏరుకొచ్చిన పత్రికల బొమ్మల్లోంచే. ఆ బొమ్మల్లో లేనిది పిల్లలు అడిగితే, వచ్చే వారం చెబుతానని తప్పించుకునేదాన్ని. వారమంతా ఎదురుచూసేది పిల్లలా నేనా అంటే, నేనే. ఆ ముప్పావుగంట కోసం శుక్రవారం సాయంత్రమే చీర తీసి పెట్టుకునేదాన్ని.

ఆ తర్వాత జపాన్ వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడవాలి, లోపలికొచ్చి నడుం వంచి దణ్ణం పెట్టాలి అన్నాను. చెప్పులు మనమూ విడుస్తాం కదా టీచర్, మరి వేరే దేశం ఎట్లయితది అని అడిగారు. ముందు విడవండర్రా అన్నాను. నడుం వంచడంలో పోటీ పెరిగి ఒకడు తలకిందులుగా పడ్డాడు.

జపాన్‌కు రెండో శనివారం, అక్కడివాళ్ళలా రెండు పుల్లలతో అన్నం తినిపించాలనుకున్నాను. పుల్లలు ఎక్కడివి? ఆలోచించగా మా ఊరు గుర్తొచ్చింది. మా దొడ్డి నిండా కొబ్బరిచెట్లే. రాలిన మట్ట నుంచి ఈనెలు చీరి, అవి విరిచి గుచ్చి ఆకులను విస్తళ్ళుగా కుట్టేది మా అమ్మ. పెళ్ళి భోజనాలన్నీ ఆ ఈనెల మీదే. అన్నానికి ఈనెకు మించింది ఏముంది అనుకున్నాను. మేడ్చల్ కిరాణా కొట్లో రెండు కొత్త కొబ్బరి చీపుళ్ళు కొన్నాను. కట్టు విప్పి, వేడినీళ్ళలో పసుపు వేసి కడిగి, ఎండబెట్టి, జానెడు ముక్కలు కోశాను. ఒక్కో ఈనె మరీ సన్నంగా ఉండి వంగిపోతుంటే నాలుగేసి కలిపి పైన దారంతో కట్టాను. మా ఇంటి బల్ల మీద అరవై నాలుగు చిన్న కట్టలు బారుగా పేర్చుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. అవి అచ్చం బొమ్మ చీపుళ్ళలా ఉన్నాయని మావారన్నా నా తలకెక్కలేదు.

ఆ శనివారం అన్నం మెత్తగా వండి డబ్బాలో పట్టుకెళ్ళాను. మొదటి ఐదు నిమిషాల్లో షెడ్డు నేలంతా మెతుకులే. అందరిలోకీ ఒక్క పాపకు మాత్రం పట్టు దొరికింది. చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల, మూడో వరసలో కూర్చుంటుంది, అడిగితే తప్ప నోరు విప్పదు. వాళ్ళ అవ్వ వలలు అల్లుతుంటే పక్కన కూర్చుని ముడులు విప్పే వేళ్ళవి. రెండు కట్టల మధ్య అన్నం ముద్ద పట్టి, ఒక్క మెతుకు రాలకుండా నోట్లో పెట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. దాని ముఖం చూడాలి మీరు. పుల్లలు ఇంటికి తీసుకుపోతాను టీచర్ అంది. తీసుకుపొమ్మన్నాను.

సోమవారం ప్రార్థన ఇంకా అవలేదు, ఆ పాప అవ్వ బడికొచ్చింది. ముతక చీర, చేతికి వెండి కడియం, గట్టి మనిషి. మనవరాలు పక్కన తల వంచుకుని నిలబడింది. అవ్వ ఆ రెండు కట్టలనూ కరస్పాండెంట్ గారి బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"గిదేంది టీచరమ్మ? సీపురుతోని నా మన్మరాలికి బువ్వ దినవెట్టినవా?"

అది కొత్త చీపురని, నేలకు తగలనే లేదని, పసుపు నీళ్ళతో కడిగానని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. మా ఊళ్ళో ఈనెలతో కుట్టిన విస్తట్లోనే దేవుడికి కూడా నైవేద్యం పెడతారని, ఇక్కడివాళ్ళకు తెలియకపోతే నేనేం చేయనని కూడా అనేశాను. అవ్వ గొంతు పెంచలేదు.

"మీ ఊర్ల ఏమో నాకెర్క లేదు. మా ఇంటికి గది సీపురయ్యే వస్తది. ఇగ శనివారం నా పిల్లను పంప."

మనవరాలి చెయ్యి పట్టుకుని తరగతి దాకా తనే తీసుకొచ్చి కూర్చోబెట్టి పోయింది. కరస్పాండెంట్ గారు చెమట తుడుచుకుని, వచ్చే శనివారంలోగా ఆ ముసలామెను మీరే సమాధానపరచండి, లేదంటే ఆ పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేస్తాను అన్నారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇద్దరు పిల్లలు ఆ పాపను చీపురు చీపురు అని ఏడిపించడం విన్నాను. వాళ్ళను కసిరాను. పాప మాత్రం నా వైపు చూడలేదు.

రెండు రోజులు నాలో నేనే ఆవిడతో పోట్లాడాను. అన్నింటికీ నా దగ్గర జవాబులున్నాయి, అన్ని వాదాల్లోనూ నేనే గెలిచాను. బుధవారం పొద్దున్న ఇల్లు ఊడుస్తుంటే చీపురు కొస మావారి కాలికి తగిలింది. గభాలున వంగి చీపురును కళ్ళకద్దుకున్నాను, ఆలోచించకుండానే. అలా వంగినదాన్ని అలాగే ఆగిపోయాను. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు మా అమ్మ, పాత చీపురు కొత్త ఇంటికి పట్టుకెళ్ళకూడదని లారీలోంచి తీయించిన సంగతి గుర్తొచ్చింది. చీపురంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. మా దగ్గర ఈనె మొదట ఈనె, కట్ట కట్టాకే చీపురు. ఇక్కడ కొబ్బరిచెట్టు లేదు. ఈనె అన్నది ఈ ఊరికి చీపురుగానే వస్తుంది. ఆవిడన్నదీ సరిగ్గా అదే. వినడానికి నాకు రెండు రోజులు పట్టింది. చిన్నతనంగా అనిపించి, ఊడ్చడం ఆపేసి గచ్చు మీద కూలబడ్డాను.

ఆ సాయంత్రం బడి వదిలాక ఆటో ఎక్కకుండా ఊళ్ళోకి నడిచాను. వాళ్ళ ఇల్లు చెరువు గట్టుకు దగ్గర. అవ్వ వాకిట్లో కూర్చుని చేపల బుట్ట అల్లుతోంది. చుట్టూ చీరిన వెదురు బద్దలు. నన్ను చూసి లేవలేదు గానీ, మనవరాలితో పీట వేయించింది. నాది తప్పేనని చెప్పాను. మళ్ళీ ఈనెల సంగతి ఎత్తకుండా నోరు కట్టుకున్నాను, అది నాకెంత కష్టమో నాకే తెలుసు. అవ్వ బద్ద మీద కత్తి ఆడిస్తూ అంతా వింది. బద్ద చివర తెగ్గోసి అడిగింది.

"గా దేశపోల్లు నిజంగ దేంతోని తింటరు?"

వెదురు పుల్లలతో అన్నాను.

అవ్వ చేతిలో కత్తి ఆగింది. ముందున్న కుప్ప వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎదురు నా ఇంట్ల కుప్పలుంది బిడ్డా. ఒక్కమాట నన్నడిగితే ఇయ్యకపోదునా?"

పత్రికల్లో జపాన్‌ను వెతికాను, మేడ్చల్ కొట్టుకు పోయాను, రోజూ ఆటోలో వాళ్ళ ఊరి మీదుగా వచ్చాను. నా క్లాసులో కూర్చున్న పిల్ల ఇంట్లో ఏముందో మాత్రం అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ అది చూడనట్టుగా మనవరాలిని మంచినీళ్ళు తెమ్మంది.

పుల్లలు తెస్తాననీ అనలేదు, పిల్లను పంపుతాననీ అనలేదు, శనివారం ఆవిడ వస్తుందో రాదో తెలియదు. ఆఖరి పీరియడ్ గంట కొట్టాక లెక్కల సారు సుద్దముక్కతో షెడ్డు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. అప్పుడొచ్చింది అవ్వ, మనవరాలిని వెంటబెట్టుకుని, చంకన ఒక గంప పెట్టుకుని. అందులో పాత గుడ్డలో చుట్టిన వెదురు పుల్లలు. నున్నగా చివ్వి, కొసలు గుండ్రంగా చేసి, ఒక్క పేడు గుచ్చుకోకుండా నూనె రాసి తెచ్చింది. అరవై నాలుగు కాదు, అరవై ఎనిమిది. ఒక జత నాకట, ఒక జత తనకట. లెక్కల సారు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అవ్వ పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను వండి తెచ్చిన అన్నం పుల్లలతో ఎత్తబోతే మూడుసార్లూ ఒళ్ళోనే పడింది. పిల్లలు ఆగలేక నవ్వారు, ఆవిడా నవ్వింది. అప్పుడు మనవరాలు మూడో వరసలోంచి లేచి వచ్చి అవ్వ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పెద్ద వేళ్ళను తన చిన్న వేళ్ళతో పట్టి, పుల్ల ఎక్కడ ఆనించాలో, ఏ వేలు కదపాలో చూపించింది. సోమవారం దాన్ని ఏడిపించిన ఇద్దరూ మాకూ చూపించవా అని పక్కన చేరారు. ఆ పిల్ల అంత మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. నాలుగోసారి ముద్ద అవ్వ నోటికి చేరింది. నమిలి మింగి, నన్ను అడిగింది.

"మరి గా దేశంల పిల్లలకు, మనం చేత్తోని తింటమని ఎవలన్న సెప్తరా?"

ఏమో అవ్వా, తెలియదు అన్నాను. ఈసారి వచ్చే వారం చెబుతానని తప్పించుకోబుద్ధి కాలేదు.

"గట్లయితె ముందుగాల మన పోరగాల్లకు చేత్తోని తినుడు మంచిగ రావాలె," అంది.

పుల్లలు పక్కన పెట్టించింది. చేతులు కడిగి రమ్మంది, తనూ కడుక్కుంది. గంపలో అడుగున పెరుగన్నం గిన్నె ఉంది, ఇంటి నుంచే కలుపుకొచ్చింది. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ చేతి ముద్దకు కాలనీ పిల్లల తల్లులు ఏమంటారోనని ఒక్క క్షణం గుమ్మం వైపు చూశాను. అలా చూసినందుకు సిగ్గుపడ్డాను కూడా. పిల్లలకు ఆ గొడవే లేదు. అరచేతులు చాచి, నాకు పెద్దది, నాకు పెద్దది అంటున్నారు. గోల విని వచ్చిన కరస్పాండెంట్ గారిని కూడా అవ్వ వదల్లేదు. ఆయన బూట్లు విప్పి లోపలికొచ్చి, ముద్ద పుచ్చుకుని తిన్నారు. ఆ పీరియడ్ ఎవరిదన్న ప్రశ్న మళ్ళీ ఆ బడిలో వినపడలేదు.

ఆఖరున నా ముందుకొచ్చింది. నేను టీచర్నని, తర్వాత తింటానని అన్నాను. చెయ్యి చాపు బిడ్డా అంది. చాపాను. ఇల్లు విడిచి వచ్చాక ఆ ఊళ్ళో నా చేతిలో ఎవరైనా ముద్ద పెట్టడం అదే మొదలు. మా అమ్మ చేసే ముద్దకన్నా పెద్దది, అరచేతిలో పట్టక పక్కలకు జారింది.

పిల్లలు చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పరిగెత్తారు. నేను చాలాసేపు కడుక్కోలేదు.