గోడకు పెట్టిన బొట్టు

మా చైన్‌మన్ తాత పోయిన నెల చనిపోయాడు. కోదాడ నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ తాత ఇగ లేడు బిడ్డా" అని ఒక్క మాటే చెప్పి, ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చింది. అప్పుడు నేను సూర్యాపేట ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, పటం మీద ఒక వీధికి పేరు టైపు చేస్తున్నాను. పేరు సగంలోనే ఆగిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఇనుప గొలుసు పట్టి భూములు కొలిచే చైన్‌మన్‌గా చేసి రిటైరయిన మనిషి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కొత్త ప్లాన్ల కోసం డిజిటల్ పటాలు తయారుచేసే పని మా కంపెనీకి వచ్చినప్పుడు, పాత హద్దురాళ్లు చూపించడానికి ఆయన్ని పెట్టుకున్నారు. డ్రోన్ తీసిన ఫొటోల మీద ఇది ఇల్లు, ఇది రోడ్డు, ఇది చెరువు అని గీతలు గీయడం నా పని. చేతిలో టాబ్లెట్ ఉండగా ఈ ముసలాయన దేనికని మొదటి రోజు అనుకున్నాను. దాచుకోవడం దేనికి, నాకు పొగరు ఉండేది.

ఆయన అడుగులతో కొలిచేవాడు. లెక్క నడుస్తుండగా ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల సందులో ఎవరో పెద్దమనిషి నమస్తే పెడితే, చెయ్యెత్తి ఆపి, చివరిదాకా నడిచి, మళ్లీ అంత దూరం వెనక్కి వెళ్లి నమస్తే చెప్పి వచ్చాడు. ఆ తర్వాత నా టాబ్లెట్ చూపే దూరం అడిగేవాడు. రెండూ ఇంచుమించు కలిస్తే, "నీ డబ్బా గూడ మంచిగనే నడుస్తది బిడ్డా" అని మెచ్చుకునేవాడు.

తప్పు నాదే. కోదాడలో డ్రోన్ ఎగిరింది కొన్నేళ్ల కింద, నడి ఎండాకాలంలో. ఊరి వెనక ఎండిపోయిన ఒక కాలువలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల జాడలు పడ్డాయి. ఫొటోలో అది అచ్చం బాటలాగే ఉంది. నేను రోడ్డు అని గీసేశాను. తాత నా భుజం మీదుగా తెర చూశాడు.

"గిదేంది?"

"బాట, తాతా."

"నీళ్ల బాట బిడ్డా. వానకాలం వచ్చి సూడు."

నేను ఒప్పుకోలేదు. ఫొటోలో ఉన్నదే గీస్తానన్నాను. ఆయన కోపం చేసుకోలేదు. నాలుగు రోజులు ఆ మాటే ఎత్తలేదు. అయిదో రోజు పొద్దున్నే వచ్చి, "నడువు, సూపిస్త" అన్నాడు. చంకలో గుడ్డ మీద అతికించిన ఊరి పాత పటం, నక్షా ఉంది.

కాలువ వెంట నడిచాం. పక్కనే మోటార్లు బాగుచేసే షాపులు, విత్తనాల దుకాణాలు ఉన్న సందు. "కాలువ మీద రోడ్డు పడితె నీళ్లన్నీ ఈడికే వస్తయ్. ఈ సందు మునిగితె పక్కన అనంతగిరిల రైతుకు మోటరు తిరగదు. మేళ్లచెరువు సిమెంటు లారీలకు గూడ పని ఆగుతది. ఒక్క కోదాడ మునుగుడు కాదిది" అన్నాడు. నా పటంలో ఆ షాపులన్నీ ఒకే రంగు పెట్టెలు. వాటి వెనక ఎంతమంది బతుకులున్నాయో నాకు అప్పటిదాకా తోచలేదు.

నక్షాలోని కాలువ నేల మీదికి వచ్చేసరికి సగానికి సగం సన్నబడింది. ఒకచోట ఒక ఇంటి ముందుగది కాలువలోకే వచ్చి ఉంది. లోపలినుంచి కుట్టుమిషన్ చప్పుడు. తాత ఆగాడు.

"ఇది నా ఇల్లే. ఆ గది నేనే కట్టిన, తెలిసే కట్టిన. ఊరందరి భూమికాడ గొలుసు పట్టిన గని, నా ఇంటికాడ పట్టలే." నక్షా నా చేతికిచ్చి, "గీత సక్కగ గియ్యి" అన్నాడు.

ఆ గదిని ఎక్కడిదాకా తీసేయాలో అక్కడ, లోపలి గోడ మీద నా చేత్తోనే ఎర్ర రంగు గుర్తు పెట్టాను. గుర్తు పలచగా పడింది. "ఇంటికి బొట్టు పెడుతున్నవ్, గట్టిగ పెట్టు" అని నవ్వించబోయాడు. ఎవరడిగినా "కంప్యూటర్ తప్పు చేసింది, పిల్ల దిద్దింది" అనే చెప్పాడు. నా పేరు ఎక్కడా చెడనివ్వలేదు.

గది పోయింది. రేకులు ఆయనే విప్పాడు. ఆయన భార్య కుట్టుమిషన్ వంటింట్లో మూలకు చేరింది. నేను వెళ్తే ఆమె మంచినీళ్లిచ్చేది, మాట్లాడేది కాదు. ఆ వానాకాలం కాలువ నిండా నీళ్లొచ్చాయి. వచ్చిన దారిన పోయాయి. మర్నాడు ఆ సందులో షాపులన్నీ ఎప్పటిలాగే తెరిచారు. ఎవరూ ఎవరికీ దండ వెయ్యలేదు. తాత నాకు ఫోన్ చేసి, "మోటర్లు తిరుగుతున్నయ్ బిడ్డా" అన్నాడు. ఆ గొంతు ఇక వినబోనని తలచుకుంటే ఏ పనీ సాగడం లేదు.

పదోరోజు అయిపోయాక వెళ్లాను. ఇంటికి సున్నం వేయిస్తున్నారు. ఆమె కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఉంది. ఆయన ఉండగా చెప్పలేకపోయింది చెప్పేశాను. ఆ తప్పు కంప్యూటర్‌ది కాదు, నాదే. నేను గీసింది అలాగే ఉండి ఉంటే మీ గది మీకు ఉండేది.

"తెలుసు బిడ్డా" అంది. "నిన్ను తీస్కరాకముందు నన్ను అడిగిండు. నాలుగు రోజులు అడిగిండు, బతిమిలాడినట్టు. పిల్లను తీస్కొచ్చి చూపించు పో అని నేనే అన్న."

"మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?"

"గది ఇస్తే మాత్రం, ఏడ్వొద్దా?"

సున్నం వేసే మనిషి కుంచె ముంచుకుని, ఆ ఎర్ర గుర్తు దగ్గర ఆగి మావైపు చూశాడు. దాని మీద కూడా వేసేయాలా అని అడిగాడు.

ఆమె తలెత్తింది. నుదురు బోసిగా ఉంది.

"దాన్ని వదిలెయ్" అంది. "ఏటేటా సున్నమేసేటప్పుడు ఆయన వదిలిండు."

కుంచె ఆ ఎర్ర గుర్తు చుట్టూ మెల్లగా తిరిగి, పక్కకు పోయింది.