జడ అల్లేంతసేపు

బమ్రోలిలో మా ఇంట్లోనే కంప్యూటర్ మీద చీరల డిజైన్లు చేస్తాను. పాత డిస్కులో ఒక్క డిజైన్ తెరుచుకునేలోపు అమ్మ నన్ను కింద కూర్చోబెట్టి జడ అల్లేసేది. ఆ డిస్కును ఎంత తిట్టుకున్నానో!

దాని బదులు వేగంగా పనిచేసే కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డీ వేయించిన రోజు డిజైన్ రెప్పపాటులో తెరుచుకుంది.

"ఏందే, దువ్వెన వట్టకముందే లేస్తున్నవ్?" అంది అమ్మ.

ఇప్పుడు పొద్దు ఉండగానే పని అయిపోతోంది. ఆ ఎస్‌ఎస్‌డీకి దండం పెట్టాలి. కానీ అది పాడయ్యే ముందు చప్పుడైనా చేయదని, పాత డిస్కులో కాపీ ఉంచుకోమని రిపేరు చేసేవాడు హెచ్చరించాడు.

అందుకే రోజూ సాయంత్రం డిజైన్లన్నీ పాతదాంట్లోకి ఎక్కిస్తాను. అది గరగరమంటూ తీరిగ్గా రాసుకుంటుంది. అమ్మ దువ్వెనతో నా వెనక కూర్చుంటుంది.

"అయిందా బిడ్డా?" అంటుంది.

అయిపోయినా, "ఇంకా కాలేదమ్మా" అంటాను.